చివరి మెట్టుపై చతికిలబడిన చదువు

సంక్రాంతి వెళ్ళిన కొలది దినములకే, ఇంటర్మీడియెట్ రెండవ సంవత్సరపు విద్యార్థులున్న ఇండ్లలో ఒక విచిత్రమైన స్తబ్ధత ప్రవేశించును. పదవ తరగతినుండి ఎవరును చెప్పకయే తెల్లవారుజామున పుస్తకము పట్టిన బాలుడు ఇప్పుడు ఎండ ముఖముపై పడినగాని పక్క దిగడు. ప్రయోగపరీక్షలు ఫిబ్రవరిలో; రికార్డు సగము ఖాళీ. వార్షిక పరీక్షలు ఆ వెంటనే; పుస్తకము తెరచియే యుండును, చూపు మాత్రము కిటికీ వెలుపల నుండును. తల్లి బ్రతిమాలును, తండ్రి గద్దించును. ఇరువురికిని సమాధానమొక్కటే: "చదువుతాలే."

దీనిని సోమరితనమని త్రోసివేయుట తేలిక. కాని ఆ బాలుని పంచాంగమును ఒకసారి చూడవలెను. 2019 నుండి జాయింటు ఎంట్రన్సు మెయిన్ పరీక్ష ఏటికొకసారి గాక పలు విడతలుగా జరుగుచున్నది. ఇటీవల తొలివిడత జనవరిలోనే వచ్చుచున్నది. మంచి పర్సంటైలు దక్కినవానికి గమ్యము చేరినట్లే తోచును. దక్కనివానికి దారి మూతపడినట్లు తోచును. ఇరువురును పుస్తకము మూయుదురు. తెలంగాణములోనైతే ఇంజనీరింగు ప్రవేశములలో ఇంటర్మీడియెట్ మార్కులకుండిన 25 శాతపు వెయిటేజీని 2023లో తొలగించిరి. ఇక ఈ వార్షిక పరీక్ష దేనికని పదునేడేండ్లవాడు అడిగినచో అది మొండితనము కాదు, లెక్క. లెక్కలు నేర్పించినవారే ఆ లెక్కకు కోపగించుట న్యాయము కాదు. జాతీయ సాంకేతిక సంస్థలలో చేరగోరువారు ఇంటర్మీడియెట్‌లో 75 శాతము మార్కులైనను తెచ్చుకొనవలెను, తమ బోర్డులో పైవరుస 20 పర్సంటైలులోనైనను నిలువవలెను. కొన్ని వర్గములకు ఆ శాతము 65. ఈ సంగతి బాలునికి చెప్పవలసినదే. చెప్పినచో భయపడి నాలుగు పుటలు తిప్పును. భయము వేరు, ఆసక్తి వేరు.

ఈ జాడ్యము తెలుగునాటికే పరిమితము కాదు. అమెరికాలో పన్నెండవ తరగతివారి కిదే నీరసము వచ్చును. దానికి వారు హాస్యముగా ఒక రోగమునకు పెట్టినట్లు 'సీనియరైటిస్' అని పేరు పెట్టిరి. న్యూజెర్సీలోను, టెక్సాసులోను స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఆ మాట కొత్త కాదు. ముందుగా దరఖాస్తు చేసినవారికి కళాశాలనుండి అంగీకారము డిసెంబరు నడుమనే వచ్చును. పాఠశాల ముగియునది మే, జూన్ నెలలలో. ఈలోపల మార్కులు మరీ దిగజారినచో కళాశాల ఇచ్చిన సీటును ఉపసంహరించుకొనవచ్చును. ఆ బెదిరింపుతోనే వసంతమంతయు నెట్టుకొనివచ్చు తల్లిదండ్రులు అక్కడను కలరు. హాస్టళ్లు లేనిచోట సైతము ఇదే కనబడుచున్నదన, మూలము మరింత లోతున నుండవలెను.

1971లో ఎడ్వర్డు డెసీ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగమును ప్రకటించెను. ముక్కలు పేర్చి ఆకృతులు కట్టు 'సోమా' అను ఆటవస్తువును కళాశాల విద్యార్థులకిచ్చి, కొందరికి ఒక పర్యాయము మాత్రము, కట్టిన ఆకృతికి ఇంత అని డబ్బు ఇచ్చెను. తరువాతి పర్యాయము డబ్బు లేదనగా, విరామవేళలో వారు ఆ ఆటతో గడపిన కాలము మునుపటికంటె తగ్గినది. ఎన్నడును డబ్బు పుచ్చుకొననివారిలో అట్టి తగ్గుదల కానరాలేదు. 1999లో ఆయన సహచరులతో కలిసి 128 ప్రయోగములను సమీక్షించి, ఆశచూపిన ప్రతిఫలము సహజమైన ఆసక్తిని హరించునను అభిప్రాయమునకే వచ్చెను.

తెలుగు ఇండ్లలో ఆ ప్రతిఫలము పేరు సీటు. ఎనిమిదవ తరగతినుండి వినిపించిన కారణమదొక్కటే. సీటు వచ్చినను, రాదని తేలినను, ఆ కారణము చెల్లిపోవును. మరియొక కారణమును ఆ ఇంట ఎవరును ఎన్నడును చెప్పియుండలేదు.

హాస్టళ్లకు తల్లిదండ్రులు వచ్చు ఆదివారము చూడదగినది. చెట్టునీడ దొరికినవారు చెట్టునీడను, దొరకనివారు గోడప్రక్కను కూర్చుందురు. క్యారియరులో పులిహోర, కోడికూర, గోంగూర పచ్చడి. మూత తీయకముందే తండ్రి ప్రశ్న: "మొన్నటి టెస్టులో ఎంతొచ్చింది నాన్నా?" చెప్పిన అంకెనుబట్టి ఆ పూట భోజనమునకు రుచి. పిదప మాట పెదనాన్నగారి అమ్మాయి ర్యాంకుమీదికి పోవును. బస్సువేళ అగును. భౌతికశాస్త్రములో వానికి ఏ పాఠము నచ్చినదో, రాత్రులు నిద్రపట్టుచున్నదో లేదో, ఎవరును అడుగలేదు గనుక ఎవరికిని తెలియదు. ఈ తల్లిదండ్రులు కఠినులు కారు. అప్పు చేసి ఫీజు కట్టి, ఆ అంకెలో అప్పుతీరు దారిని వెదకుకొనుచున్నవారు. బాలునికి ఆ సంగతి తెలియును. తెలియుటచేతనే మెతుకు మింగుడుపడదు.

ఇందు అలసటపాలు ఎంతయో కూడ చూడవలెను. పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల వయస్సువారికి దినమునకు 8 నుండి 10 గంటల నిద్ర కావలెనని వైద్యులందురు. తెల్లవారుజామున మొదలై రాత్రి పదిదాటువరకు స్టడీఅవరులు నడచుచోట అది దొరకదు. నిద్రతో తీరునది అలసట. నిద్రించినను తీరక, తిండి మానుచు, స్నేహితులను తప్పించుకొనుచు, తాను బరువైతినని పలుకు పిల్లవాని విషయము వేరు; అప్పుడు మార్కుల ప్రసక్తి మాని వైద్యుని చూడవలెను. 2022లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ సహాయమునకు 14416 సంఖ్య కలదు.

మిగిలినవారికి ఉపన్యాసములు పనిచేయవు. ఏ పాఠము ఎప్పుడు చదువవలెనో వానినే నిర్ణయింపనిచ్చినచో, రికార్డు పూర్తిచేయునప్పుడు అక్క ప్రక్కన కూర్చుండి బొమ్మలకు గీతలు కొట్టి ఇచ్చినచో, తండ్రి తన పనిలోని చిక్కునొకదానిని వానితో ముచ్చటించినచో కొంత కదలిక రావచ్చును. అందరికిని రాదు. ఒక రెండు దినములు ఇంటికి తీసికొనివచ్చి నిద్రపోనిచ్చుట అన్నిటికంటె ముందు చేయదగిన పని. అందుకు కళాశాలవారు సుముఖులుగా నుండరు. వార్షిక పరీక్షలు ముగిసిన మరునాటినుండియే ఎంట్రన్సు శిక్షణ ప్రారంభమని నోటీసు అంటింతురు. అయినను సెలవుచీటీపై సంతకము చేయవలసినది ప్రిన్సిపాలు కాదు, తండ్రి.