పుస్తకం చదవని మాస్టర్స్

జర్మనీలో ఎకనామిక్స్ మాస్టర్స్ చేశాను. రెండేళ్లు, 120 క్రెడిట్లు. ఆ రెండేళ్లలో ఎకనామిక్స్ మీద ఒక్క పుస్తకాన్ని కూడా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవమని నన్నెవరూ అడగలేదు. నేను చదవలేదు అనడం లేదు, అడగలేదు అంటున్నాను. స్లైడ్లు చదివాం. ప్రాబ్లమ్ సెట్లు చేశాం. సీనియర్ల దగ్గర్నుంచి చేతులు మారుతూ వచ్చిన పాత ప్రశ్నపత్రాలు బట్టీపట్టాం. మాస్-కొలెల్, విన్‌స్టన్, గ్రీన్ కలిసి రాసిన దాదాపు వెయ్యి పేజీల మైక్రో పాఠ్యపుస్తకంలో కొన్ని చాప్టర్లు 'చేశాం'. దాన్ని చెయ్యడం అనే అంటారు, చదవడం అనరు. రికార్డో, కీన్స్ లాంటివాళ్లు విశేషణాలుగా తగిలారు, రికార్డియన్ అనీ కీన్సియన్ అనీ. మనుషులుగా ఎక్కడా ఎదురు పడలేదు. మార్క్స్ విశేషణంగా కూడా తగల్లేదు.

ఈ మాట అనగానే మన సాహిత్య మిత్రులకి హుషారొస్తుంది. "మేం ముందే చెప్పాం కదా, అదంతా లెక్కల గారడీ" అంటారు. కాస్త ఆగండి. నా ఫిర్యాదు లెక్కల మీద కాదు. శాతం కట్టడం రాకుండా అసమానతల మీద సంపాదకీయాలు రాసేవాళ్లని మన దగ్గర చాలామందినే చూశాను. మొదటి సెమిస్టర్లో నాకు నచ్చినవే లెక్కలు. "ప్రజలు నష్టపోతారు" అని రాసేసి చేతులు దులుపుకుంటే సమీకరణం ఊరుకోదు. ఎవరు, ఎంత, ఏ షరతు మీద అని నిలదీస్తుంది. నా గొడవల్లా ఒకటే. ఆ లెక్క తేల్చిన సంగతిని ఆ క్లాసే పట్టించుకోదు.

ఉదాహరణ చెప్తాను. మైక్రో కోర్సుకి గుండెకాయ సాధారణ సమతౌల్యం. ఫలానా షరతులుంటే, అన్ని మార్కెట్లలోనూ ఒకేసారి గిరాకీ, సరఫరా సరిపోయే ధరలు ఉండి తీరతాయని 1954లో కెనెత్ ఆరో, జెరార్డ్ డెబ్రూ నిరూపించారు. అందమైన నిరూపణ. దానికోసం మేం వారాలు వెచ్చించాం. సరే, అలాంటి ధరలు ఉన్నాయి. ఒక్క వరసే ఉందా, పది ఉన్నాయా? మార్కెట్ దానంతట అది అక్కడికి చేరుతుందా? 1970లలో సోనెన్‌షైన్, మాంటెల్, మళ్లీ అదే డెబ్రూ ఈ ప్రశ్న మీద పనిచేశారు. వాళ్లు తేల్చింది ఇది: ఒక్కొక్క మనిషీ ఎంత బుద్ధిగా, ఎంత లెక్క ప్రకారం నడుచుకున్నా సరే, అందరినీ కలిపి కూడితే వచ్చే మొత్తం గిరాకీ ఇంచుమించు ఏ ఆకారంలోనైనా ఉండొచ్చు. కాబట్టి ఒకే సమతౌల్యం ఉంటుందనీ, ధరలు అటే పోతాయనీ ఈ సిద్ధాంతం నుంచి హామీ దొరకదు.

ఇది ఎవరో గిట్టనివాళ్లు అన్న మాట కాదు. ఆ వెయ్యి పేజీల పుస్తకంలోనే 17వ అధ్యాయంలో ఉంది. ఆ భాగానికి పెట్టిన శీర్షికకి అర్థమే "ఏదైనా చెల్లుతుంది" అని! దిగ్గజం లాంటి ఈ ఫలితానికి మా క్లాసులో దక్కింది ఇరవై నిమిషాలు. ఒకమ్మాయి చెయ్యెత్తి, "మరైతే మనం ఇన్నాళ్లూ చేసిందానికి అర్థమేంటి?" అని అడిగింది. "మంచి ప్రశ్న. ఇది పరీక్షకి రాదు" అన్నాడు ట్యూటర్. అందరం నవ్వాం. నేనూ నవ్వాను, దాచుకోవడం ఎందుకు. మధ్యాహ్నం మాక్రో క్లాసుకి వెళ్తే, దేశం మొత్తానికీ ప్రతినిధిగా ఒకే ఒక్క కుటుంబాన్ని పెట్టి మోడల్ మొదలుపెట్టారు. కూడితే చిక్కొస్తోంది కాబట్టి కూడడమే మానేశారన్నమాట. ఇప్పుడు ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ విడివిడిగా పెట్టే మోడళ్లు వచ్చాయి, నిజమే. కానీ మొదటి ఏడాది పిల్లలకి లోకం పరిచయమయ్యేది మాత్రం ఆ ఒక్క కుటుంబం కిటికీలోంచే.

మా నాన్న మా వైపు మార్కెట్ యార్డులో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. ప్రతి ఆదివారం ఫోన్లో ఒకటే ప్రశ్న. "ఏం బిడ్డా, మిర్చి రేటు ఎందుకు పడ్డదో మీ సార్లేమన్న చెప్పిన్రా?"

మా సార్లు చెప్పిన మార్కెట్లో ఒక వేలంపాటగాడు ఉంటాడు. పందొమ్మిదో శతాబ్దపు వాల్రాస్ పేరు మీద అతన్ని పిలుస్తారు. అతను ధర పిలుస్తాడు, గిరాకీ సరఫరా సరిపోకపోతే ఇంకో ధర పిలుస్తాడు, సరిపోయేదాకా ఎవరూ ఏదీ కొనరు, అమ్మరు. నాన్న యార్డులో కూడా వేలం ఉంటుంది, జెండా పాట. పొద్దున్నే మంచి సరుకున్న ఒక రాశి దగ్గర జెండా ఎత్తి పాట పాడతారు. ఆ రేటే మర్నాడు పేపర్లో వస్తుంది. మిగతా రైతులకి ఆ రేటు రాదు. తేమ ఉందంటారు, రంగు లేదంటారు, తాలు కలిసిందంటారు. రైతు ఇంకో దుకాణానికి పోదామంటే, విత్తనాలకీ మందులకీ అప్పు తెచ్చుకున్నది ఈ దుకాణంలోనే. అప్పిచ్చినవాడే సరుకు కొంటాడు, వాడే తూకం వేస్తాడు. ధర తేలకముందే బేరం అయిపోయింది.

ఇది ఎకనామిక్స్‌కి అందని రహస్యమేమీ కాదు. పశ్చిమ బెంగాల్ కౌలుదార్ల మీద అమిత్ భాదురి 1973లో ఎకనామిక్ జర్నల్‌లో రాసిన వ్యాసంలో ఉన్నది ఇలాంటి ముడే: భూమి ఇచ్చేవాడూ అప్పు ఇచ్చేవాడూ ఒకడే అయితే ఏమవుతుంది అన్నది. అందులోనూ లెక్కలున్నాయి. అచ్చయింది బ్రిటన్ పత్రికలోనే. తర్వాత మార్కెట్‌ని నమ్మే బడికి చెందినవాళ్లు కూడా దాన్ని తమ పద్ధతిలో మోడల్ చేశారు, భాదురితో వాదించారు. ఆ వాదనంతా నాకు క్లాసులో దొరకలేదు, లైబ్రరీలో దొరికింది. అదీ ఇంకేదో వెతుకుతుంటే.

"మాస్టర్స్ అంటే పనిముట్లు నేర్పే చోటు, పుస్తకాలు నీ ఖాళీ టైములో చదువుకో" అని ఒక క్లాస్‌మేట్ అనేవాడు. ఇది చాలామంది ప్రొఫెసర్ల వాదన కూడా, దీన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేను. కానీ ఏ పనిముట్టు ఏ పనికోసం పుట్టిందో, ఏ పనిలో విరిగిందో చెప్పకుండా చేతికిస్తే నేర్చుకున్నవాడికి లోకమంతా ఆ ఒక్క పనిలాగే కనిపిస్తుంది. పైగా వారానికి మూడు ప్రాబ్లమ్ సెట్లు, పక్కన గిడ్డంగిలో పార్ట్‌టైమ్ షిఫ్టులు. ఖాళీ టైమెవడిదండీ?

ఒకప్పుడు ఇలా లేదు అనడానికి మనకి బాగా తెలిసిన మనిషే సాక్షి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అంబేద్కర్ చదివాడని మన దగ్గర తెలియనివాళ్లు లేరు. ప్రతి ఏప్రిల్ 14కీ ఆయన డిగ్రీల జాబితా ఫోన్లలో తిరుగుతుంది. ఆ డిగ్రీ కోసం ఏం రాశాడో చదివినవాళ్లు ఎంతమంది? 1923లో లండన్ యూనివర్సిటీ డి.ఎస్‌సి. ఇచ్చిన ఆ పరిశోధన, అదే ఏడాది 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రుపీ'గా అచ్చయింది. అందులో ఏముంటుందంటే: కంపెనీ కాలంలో బంగారం, వెండి నాణేలు రెండూ చెల్లిన రోజుల నుంచి వెండి రూపాయి ఒక్కటే మిగిలిన దాకా, 1893లో టంకశాలల్లో ప్రజల వెండిని నాణేలుగా ముద్రించడం ఆపేసిన దాకా, ఆ తర్వాత వచ్చిన బంగారు మారకపు పద్ధతి దాకా, చట్టాలూ కమిటీ రిపోర్టులూ ధరల పట్టికలూ దగ్గర పెట్టుకుని సాగిన వాదన. ఆ మారకపు పద్ధతిని కీన్స్ 1913లో తన పుస్తకంలో మెచ్చుకున్నాడు. అంబేద్కర్ ఆ కీన్స్‌తోనే తలపడ్డాడు. రూపాయి విలువ పడిపోతే లాభం ఎవరికి, జీతం రాళ్ల మీద బతికేవాడికి నష్టమెంత అని అడిగాడు. ఆ బంగారు ప్రమాణం వాదనతో ఇవాళ ఏకీభవించక్కర్లేదు, నేనూ ఏకీభవించను. (రిజర్వ్ బ్యాంకుని ఆ పుస్తకమే పుట్టించిందన్న వాట్సాప్ ప్రచారం కూడా వద్దు. ఆయన గొప్పదనానికి ఆ అతిశయోక్తి అవసరం లేదు.)

నన్ను ఆకట్టుకునేది ముందుమాట. రాసింది ఆయన గురువు ఎడ్విన్ కానన్, ఆడం స్మిత్ పుస్తకానికి ప్రామాణిక ప్రతిని సిద్ధం చేసిన మనిషి. అంబేద్కర్ వాదనల్లో చాలావాటితో తాను ఏకీభవించడం లేదని ఆ ముందుమాటలోనే రాశాడు. అయినా రాశాడు! శిష్యుడు తనతో విభేదించడమే ఆ చదువులో భాగం అనుకున్నాడు.

ఇవాళ అలాంటి పరిశోధన పట్టుకుని యూరప్‌లో ఏ పేరున్న ఎకనామిక్స్ డిపార్ట్‌మెంటుకి వెళ్లినా, "బాగుంది, కానీ ఇది ఎకనామిక్ హిస్టరీ కదా, పక్క బిల్డింగులో అడుగు" అంటారని నా నమ్మకం. అంబేద్కర్ చదివిన స్కూల్లోనూ ఆ రెండూ వేర్వేరు డిపార్ట్‌మెంట్లే. చరిత్రకి వేరే గది ఇవ్వడం గౌరవమే అనుకోవచ్చు. పెద్దాయనకి పెరట్లో గది కట్టించి ఇంటి విషయాలు ఆయనకి చెప్పడం మానేసినట్టు ఉంటుంది నాకు. అదీ జర్మనీలో! గుస్తావ్ ష్మోలర్ అనే ఆయన చరిత్ర లేకుండా ఆర్థిక సిద్ధాంతం నిలబడదని 1880లలో వియన్నా కార్ల్ మెంగర్‌తో హోరాహోరీగా పోట్లాడిన దేశంలో, రెండేళ్లలో ఆయన పేరు క్లాసులో ఒక్కసారి కూడా వినలేదు. ఆ పోట్లాటలో ష్మోలర్ ఓడిపోయాడు, సరే. ఓడిపోయిన సంగతైనా చెప్పాలి కదా?

యూరప్ విద్యార్థులు దీని మీద ఊరుకోలేదు. 2000లో పారిస్‌లో ఎకనామిక్స్ విద్యార్థులు, మాకు చెప్పేది ఊహాలోకం, ఒక్క బడి మాత్రమే అంటూ బహిరంగ లేఖ రాస్తే ప్రభుత్వమే కదిలి జాన్-పాల్ ఫితుస్సీతో రిపోర్టు రాయించింది. 2008 కుప్పకూలడం గురించి పాఠాల్లో ఏమీ లేదేమిటని 2012లో మాంచెస్టర్ విద్యార్థులు సంఘం పెట్టారు. ఇదంతా ఎడమవాళ్ల గోల అనుకోవద్దు. 2009లో కొలోన్ యూనివర్సిటీలో ఆర్థిక విధానం బోధించే పదవుల్ని మోడళ్ల వైపు మళ్లిస్తుంటే, వద్దంటూ 83 మంది జర్మన్ ప్రొఫెసర్లు బహిరంగ లేఖ రాశారు. వాళ్లలో చాలామంది స్వేచ్ఛా మార్కెట్‌ని నమ్మేవాళ్లే. తర్వాత డిగ్రీ స్థాయిలో కాస్త మార్పొచ్చింది. వెండీ కార్లిన్ బృందం 'కోర్' పేరుతో ఉచితంగా పెట్టిన పాఠ్యపుస్తకం అసమానతలతో, చరిత్రతో మొదలవుతుంది. మాస్టర్స్ మాత్రం చెక్కుచెదరలేదు.

మా డిపార్ట్‌మెంటులో కూడా అలాంటి ఒక పిటిషన్ తిరిగింది. సంతకాలు పెట్టింది ఎక్కువగా జర్మన్ పిల్లలే. మనవాళ్లం ఆరుగురం ఉన్నాం, ఒక్కరం పెట్టలేదు. పిరికితనం అంటారా? అనండి. కానీ ఒక లెక్క చూడండి. ఇవాళ వీసా కావాలంటే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, పది లక్షల రూపాయల పైమాటే. మాన్‌హైమ్, హైడెల్‌బర్గ్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి యూరప్ సమాఖ్య బయటివాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోల ఫీజు కూడా. ఆ డబ్బు నాన్న పొలం కాగితాల మీద వచ్చింది. అలాంటి పిల్ల సిలబస్ బాగాలేదని సంతకం పెడుతుందా, పాత ప్రశ్నపత్రాలు వెతుక్కుంటుందా? దుకాణంలో అప్పున్న రైతు రేటు గురించి ఎందుకు మాట్లాడడో నాకు అక్కడ అర్థమైంది, భాదురి వ్యాసం చదవకముందే.

"మరి నువ్వెందుకు పూర్తిచేశావ్?" అంటారు. ఉద్యోగం కోసం. వచ్చింది కూడా. ఈ చదువుతో ఉద్యోగాలొస్తాయి, నా భయమే అది. నాతో చదివినవాళ్లు ఇవాళ కేంద్ర బ్యాంకుల్లో, మంత్రిత్వ శాఖల్లో, కన్సల్టింగ్ కంపెనీల్లో ఉన్నారు. రేపు ఎవరో ఒకరు మిర్చికి మద్దతు ధర ఉండాలా వద్దా అని నోట్ రాస్తారు. ఆ నోట్‌లో వేలంపాటగాడు ఉంటాడు. జెండా పాట ఉండదు.

ఇప్పుడు ఏటా నలుగురైదుగురు జూనియర్లు ఎస్.ఓ.పి. దిద్దిపెట్టమని పంపుతారు. ప్రతి ఎస్.ఓ.పి. మొదటి పేరాలోనూ ఒక రైతు ఉంటాడు, లేదా ఎండిన బోరుబావి ఉంటుంది. రెండేళ్ల తర్వాత వాళ్ల థీసిస్ అమెరికా వడ్డీ రేట్ల మీద ఉంటుంది, ఎందుకంటే ఆ డేటా శుభ్రంగా దొరుకుతుంది. నా థీసిస్ కూడా దాని మీదే. మొన్న ఖమ్మం నుంచి ఒకమ్మాయి పంపింది, మిర్చి యార్డు గురించి, చాలా బాగా రాసింది. "అక్కా, ఈ పేరా ఉంచాలా, తీసెయ్యాలా?" అని అడిగింది. ఉంచమన్నాను. దాంతోపాటు 'ప్రాబ్లమ్ ఆఫ్ ది రుపీ' పీడీఎఫ్, భాదురి వ్యాసం పంపి, సెమిస్టర్ మొదలుకాకముందే చదివెయ్, తర్వాత టైముండదు అని రాశాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు. సామాన్లు సర్దుకునే హడావిడిలో ఉండి ఉంటుంది.