లెక్కల్లో పెరిగే అడవి

మన దేశంలో అడవి తరగడం లేదు, పెరుగుతోందట! భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2023 నివేదిక ప్రకారం దేశ భూభాగంలో 21.76 శాతం అడవే. సంతోషించవలసిన మాటే. అయితే ఆ లెక్కలో అడవి అంటే ఏమిటి?

కనీసం ఒక హెక్టారు నేలలో 10 శాతం మేర చెట్ల నీడ ఉంటే చాలు, అది అడవి. చెట్టు ఏదైనా, యజమాని ఎవరైనా సరే. జామాయిల్ తోటా, కొబ్బరితోటా, నల్లమలా ఆ మొత్తంలో భాగాలే.

గనికో ఆనకట్టకో అడవిని అప్పగించినప్పుడూ ఇదే తర్కం. అనుమతి పొందినవారు సొమ్ము చెల్లిస్తారు, మరెక్కడో మొక్కలు లేస్తాయి. ఆ నిధి నిర్వహణకు 2016లో ప్రత్యేక చట్టమే చేశారు. కానీ గోదావరి అడవుల్లో ఇప్పపువ్వు ఏరుకుని బతికే కోయ స్త్రీకి, ఏ దూరపు జిల్లాలోనో నాటిన టేకు ఏం పరిహారం? అటవీ ఫలసాయంపై ఆమెకు హక్కునిచ్చిన 2006 నాటి చట్టం, అడవే లేనిచోట దేనిమీద చెల్లుతుంది?

మొక్కలు నాటవద్దని కాదు నా వాదన. నరికిన సహజారణ్యాన్ని ఒక పద్దులో, నాటిన తోటను మరో పద్దులో చూపాలి. రెంటినీ కూడి చెప్పినంతకాలం పోయిన అడవి పోయినట్టే తెలియదు.