మనవాళ్లంటే ఎవరు?

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అమెరికాలో ఒక బిడ్డయినా లేని వీధి ఇప్పుడు అరుదే. పురిటికి తల్లి వెళ్లలేకపోతే అక్కడి పక్కింటి తెలుగావిడే పత్యం వండి పెడుతుంది. కొత్తగా దిగిన కుర్రాడికి గది దొరికేదాకా ఎవరో ఒకరి ఇంట్లో చోటుంటుంది. ప్రమాదంలో ఎవరైనా పోతే, శవాన్ని ఇంటికి పంపడానికి ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా తలా కాస్త వేసుకుంటారు. 1977లో మొదలైన తానాలాంటి సంఘాలూ అలాంటప్పుడు ముందుకొస్తాయి.

ఆ మంచితనం సముద్రం దాటి ఇటూ వస్తోంది. 2022లో డాలస్‌లో గుంటూరు మెడికల్ కాలేజీ పూర్వ విద్యార్థులు కలుసుకున్నప్పుడు డాక్టర్ గవిని ఉమాదేవి తన జీవితకాలపు సంపాదన సుమారు 20 కోట్ల రూపాయలు గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో తల్లీబిడ్డల విభాగానికి ఇస్తానన్నారు. ఆ భవనానికి ఆమె పేరు పెడతామంటే వద్దన్నారు. భర్త డాక్టర్ కానూరి రామచంద్రరావు పేరుకు మాత్రం ఒప్పుకున్నారు. ఆమెను చూసి మరికొందరు డాక్టర్లూ కోట్లలో విరాళాలు ప్రకటించారు. చదువుకునే రోజుల్లో ఆ వార్డుల్లో తిరిగినవాళ్లు కదా, అక్కడికి ఎవరు వస్తారో వాళ్లకు తెలుసు.

అయితే దాతలు గోడలు కట్టించగలరు, పరికరాలు కొనగలరు. నర్సులూ, మందులూ, జీతాలూ ఏటేటా చూసుకోవాల్సింది ప్రభుత్వమే. దానం ఇచ్చారు కదా అని సర్కారు చేతులు దులుపుకుంటే కుదరదు.

ఇక మన సంగతి. సంక్రాంతి దాటేసరికి ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే మిరపకోతలకు మన పొలాలకు వస్తాయి. వాళ్లదీ వలసే. పొలం గట్టున పరదా పట్టాల గుడారాలు, చంకలో పసిపిల్లలు. బడి మానేసిన ఆడపిల్ల తమ్ముణ్ణి ఆడిస్తూ ఉంటుంది. కోసే చేతులకు మంట, తాగే నీటికి వెతుకులాట. వాళ్ల కోసం చందాలు పోగుచేసే సంఘమేదీ? మాట్లాడేది మన తెలుగే అయినా "కర్నూలు కూలీలు" అనేసి ఊరుకుంటాం!

డాలస్‌లో మన అమ్మాయికి దొరికే ఆదరణ ఈ గుడారంలోని నిండు గర్భిణికి ఎందుకు దొరకకూడదు? కోట్లు అక్కర్లేదు. రైతు ఇంటి ఇల్లాలు తల్చుకుంటే బిందెడు మంచినీళ్లు, ఆడవాళ్లకు చాటున్న మరుగుదొడ్డి ఏర్పాటు చేయించగలదు. అంగన్‌వాడీలో గర్భిణి పేరు, పసివాళ్ల పేర్లు రాయించగలదు. ఆశా కార్యకర్తకు కబురు పంపగలదు. బడి ఈడు పిల్లల గురించి ఊరి పంతులుగారితో ఒక మాట చెప్పగలదు.

కష్టమైన కాన్పయితే ఆ గర్భిణి కూడా చేరాల్సింది గుంటూరు పెద్దాసుపత్రికే. ఎక్కడో ఉన్న ఆ డాక్టరమ్మ ఆమె కోసమే అంత ఇచ్చింది. పొలం దగ్గరే ఉన్న మనం ఆమెను అక్కడిదాకా క్షేమంగా చేర్చలేమా?