చూపును కొలిచే మిషన్‌కు కులం కనపడదా?

మేళ్లచెరువు శివరాత్రి జాతరకు మా వాడ ఆడపిల్లలు పోతే ఎవరి చూపు ఎక్కడ ఆగుతదో మాకు తెలుసు. నాట్లేసే కాడ గట్టు మీద నిలబడ్డ ఆసామి చూపు ఎక్కడ ఆగుతదో మా తల్లులకు తెలుసు. దానికి ఏ మిషనూ అక్కర్లేదు. ఇప్పుడు సైకాలజీ పండితులు ఆ చూపునే కొలుస్తమంటున్నరు.

సంగతేందంటే, విదేశాల్లో లైంగిక నేరస్తుల్ని కంప్యూటర్ ముందు కూచోబెట్టి బొమ్మలు చూపిస్తరు. ఏ బొమ్మ మీద చూపు ఎంతసేపు నిలిచిందో లెక్కగడతరు. ఇంకో పరీక్షలో తెర మీది మాట ఏ రంగుల ఉన్నదో చెప్పమంటరు. చెప్పడం లేటయితే ఆ మాట వాని మనసును పట్టుకున్నట్టట. నోరు అబద్ధమాడుతది గాని ధ్యాస ఆడదని వీళ్ల వాదం. మరి ఆ మాట చదవడమే రానోడిని ఎట్ల కొలుస్తరు?

మన దేశంలో దీని తమ్ముడు బ్రెయిన్ మ్యాపింగ్. తలకు వైర్లు తగిలించి, ఎరికైన సంగతి ఎదురైతే రెప్పపాటులో మెదడులో లేచే అలను పట్టుకుంటరు. 2008లో పూణే కోర్టు ఇట్లాంటి రిపోర్టును కూడా లెక్కలోకి తీసుకొని ఒకామెకు యావజ్జీవం వేసింది. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు అడ్డుకట్ట వేసింది. సమ్మతి లేకుండా నార్కో, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ చెయ్యరాదన్నది. సమ్మతి! స్టేషన్ల మాలమాదిగోళ్ల సమ్మతి ఎట్ల వస్తదో మనకు ఒకరు చెప్పాల్నా?

జగ్గయ్యపేట దాటితే నందిగామ. ఆ దిక్కు దళిత యువకుడు సత్యంబాబు. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థినిపై అత్యాచారం, హత్య జరిగితే 2008లో ఇతన్ని పట్టుకున్నరు. నరాల జబ్బుతో కాళ్లు సరిగ ఆడని మనిషి. డి.ఎన్.ఏ. సరిపోయిందన్నరు. 2010లో శిక్ష పడ్డది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని విడిచిపెట్టి లక్ష రూపాయలు ఇమ్మన్నది. ఎనిమిదేండ్ల వయసుకు లక్ష! ల్యాబు రిపోర్టుకు మొక్కే ముందు ఈ లెక్క చూడుండ్రి.

నేరస్తుణ్ణి వదలమని మేం అంటలేం. ఇంతకుముందు పరీక్షలన్నీ ఆడదాని ఒంటి మీదనే కదా. రెండువేళ్ల పరీక్ష తప్పని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది, 2022లో మళ్లా చెప్పాల్సొచ్చింది. మా కొట్లాట వేరే ఉన్నది. బలాత్కారాన్ని ఒకని బుర్రలో పురుగుగా చూపెడితే ఊరు తప్పించుకుంటది. వెట్టి చేయించుకున్న దొర మెదడుకు వైర్లు పెట్టుండ్రి, అంతా నార్మల్ అనే వస్తది. వాని ధ్యాసలో రోగం లేదు. అడిగేటోడు లేడన్న ధైర్యం ఉన్నది. దాన్ని ఏ తెర మీద కొలుస్తరు?

కోర్టుల్లోనూ ఇదే తంతు. 2006 ఖైర్లాంజీ హత్యాకాండలో అట్రాసిటీ చట్టం వర్తించదన్నరు. కర్నూలు జిల్లాలో 2011లో పుట్టుగుడ్డి అయిన దళిత యువతిపై అత్యాచారం జరిగింది. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముద్దాయికి యావజ్జీవం ఖాయం చేసింది. ఆడదిగా, గుడ్డిదిగా, దళితగా ఆమె మీద పడ్డ మూడు బరువుల గురించి కూడా వివరంగా రాసింది. చివరికి, కులం కారణంగానే చేసినట్టు రుజువు కాలేదని అట్రాసిటీ శిక్షను కొట్టేసింది. కామం రుజువైతది గాని కులం రుజువు కాదన్నమాట!

2016 జనవరి 26 నుంచి చట్టం మారింది. బాధితురాలు ఎస్సీ అని తెలిసి చేస్తే చాలు. ముద్దాయికి ఆమె గాని ఆమె కుటుంబం గాని ఎరికై ఉంటే, కులం తెలుసనే కోర్టు అనుకోవాలని 8(సి) చెప్తున్నది. తెల్వదని చూపించుకునే బాధ్యత వానిదే. ఒక్క ఊరోనికి ఎవరిది ఏ వాడో తెల్వదా? మేళ్లచెరువు, కోదాడ, హుజూర్‌నగర్ దిక్కు కేసులు నడుస్తున్న అన్నలారా, అక్కలారా, మీ ఎఫ్.ఐ.ఆర్. కాయితం తీసి చూడుండ్రి. అట్రాసిటీ సెక్షన్ పడ్డదా? ఇద్దరికీ ముందే ఎరికున్నదని మీ వాంగ్మూలంలో రాసిండ్రా? రాయకపోతే ఛార్జిషీటు పడకముందే రాయించుండ్రి.