మాట్లాడనివ్వని సభకు ఓటర్ల జవాబు

‘క్రైస్తవులకు రాజకీయాలెందుకు?’ అనే మాట మన సంఘాల్లో తరచూ వింటాం. అలా అడిగేవారికి నేను జాషువా గిడ్డింగ్స్ పేరు చెబుతాను. ఒహాయోలో అడవి నరికి పొలాలు చేసుకుంటున్న రోజుల్లో పెరిగినవాడు. బడి చదువు అంతంతమాత్రం. పట్టుదలతో చదివి 1821లో న్యాయవాది అయ్యాడు, 1838లో అమెరికా కాంగ్రెసుకు ఎన్నికయ్యాడు.

1841 నవంబరులో క్రియోల్ అనే ఓడలో వర్జీనియా నుంచి న్యూ ఆర్లీన్స్‌కు తరలిస్తున్న నల్లజాతి బానిసలు తిరగబడ్డారు. ఓడను బ్రిటిష్‌వారి నసావు రేవుకు మళ్ళించి స్వేచ్ఛ పొందారు. అమెరికా ప్రభుత్వం మాత్రం వాళ్ళను ఇంకా యజమానుల ఆస్తిగానే చూసింది.

1842 మార్చిలో గిడ్డింగ్స్ సభలో తీర్మానాలు పెట్టాడు. బానిసత్వం ఆయా రాష్ట్రాల చట్టంతో పుట్టింది, నడిసముద్రంలో ఆ చట్టం చెల్లదు, కనుక వాళ్ళు అమెరికా చట్టం దేన్నీ మీరలేదు అన్నాడు. ఇది ప్రసంగం కాదు, అచ్చమైన ప్లీడరు వాదన. బానిసత్వాన్ని సమర్థించేవారు కూడా బైబిలు వాక్యాలే చూపిస్తున్న కాలంలో ఇలాంటి వాదనే ఎక్కువ గుచ్చుకుంటుందని నా అభిప్రాయం.

గుచ్చుకుంది కూడా. సంజాయిషీ చెప్పుకోనివ్వకుండానే, మరునాడు 125-69 ఓట్లతో సభ ఆయన్ను అభిశంసించింది. ఆయన రాజీనామా చేసి ఊరికి వెళ్ళి, మళ్ళీ ఓటు అడిగాడు. ఆయనకు 7,469 ఓట్లు, ప్రత్యర్థికి 393! మే నెలకల్లా అదే సభలో కూర్చున్నాడు, 1859 దాకా ఆ సీటు వదల్లేదు.

1864లో కన్నుమూశాడు. బానిసత్వాన్ని రద్దుచేసిన 13వ సవరణ ఆ మరుసటి ఏడాది వచ్చింది.