పిల్లల సంరక్షణకూ చందా కట్టాల్సిందే

ప్రసూతి సెలవును 2017లో 12 వారాల నుంచి 26 వారాలకు పెంచిన కేంద్రం, ఆ ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నను దాటవేసింది. ఈఎస్ఐ లేని ఉద్యోగిని విషయంలో ఆర్నెల్ల జీతం మొత్తం యజమాని నెత్తినే పడింది. దాని ఫలితం ఇంటర్వ్యూ గదుల్లో తెలుస్తుంది. పెళ్లయిందా, పిల్లలెప్పుడు అని ఆరా తీస్తారు. తర్వాత ఫోన్ చేస్తామని పంపేస్తారు. మగవాణ్ని ఆ మాట అడిగేవాళ్లు లేరు.

50 మంది పనిచేసే చోట క్రెష్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని ఆ సవరణే చెప్పింది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఆ యాభై గీత చెరగలేదు. పదిమంది ఉండే బట్టల షాపులో సేల్స్ గర్ల్‌కు, నాలుగిళ్లలో అంట్లు తోమే మనిషికి దానివల్ల ఒరిగిందేమీ లేదు. పోనీ, గీత దాటిన చోటైనా అమలవుతోందా? భవన నిర్మాణ సైట్లలో పిల్లలకు గది ఉండాలని 1996లోనే చట్టం వచ్చింది. కోకాపేట టవర్ల కింద ఆగి చూడండి. పాలమూరు నుంచో ఒడిశా నుంచో వచ్చిన తల్లి ఇసుక తట్ట మోస్తుంటుంది. సెంట్రింగ్ కర్రలకు పాత చీరతో కట్టిన ఉయ్యాలను ఎనిమిదేళ్ల అక్క ఊపుతుంటుంది. ఆ పిల్ల బడి మానేసింది తమ్ముడి కోసమేనని ఏ రిజిస్టరులోనూ ఉండదు. కూలీలను మేస్త్రీల పేర విడగొట్టి రాస్తే ఏ జాబితాలోనూ యాభై తేలదు!

కాబట్టి ఆడవాళ్లెంతమంది అన్న లెక్కతో పనిలేకుండా ప్రతి యజమానీ పిల్లల సంరక్షణ నిధికి చందా కట్టాలి. ఈఎస్ఐలో జరుగుతున్నది అదే. జీతంలో యజమాని 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం కడతారు. ప్రసూతి వేతనం ఆ నిధి నుంచి వస్తుంది. గర్భిణి సెలవు పెట్టినందుకు ఆ యజమాని జేబు నుంచి విడిగా పోయేదేమీ ఉండదు. క్రెష్‌కూ ఈ పద్ధతే పెట్టాలి. సంస్థలు కలిసి ఉమ్మడి కేంద్రం నడుపుకోవచ్చని కోడ్ అంటోంది గానీ, వాళ్ల ఇష్టానికి వదిలేస్తే జరిగే పని కాదు. జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ప్రభుత్వమే స్థలమిచ్చి, షిఫ్టు దిగేదాకా తెరిచి ఉంచాలి. సాయంత్రానికే తలుపులు మూసే అంగన్‌వాడీ ఆ లోటు తీర్చలేదు. అమ్మమ్మ ఉంది కదా అంటారు. ఆ అమ్మమ్మా కూలికే పోతోంది.

ఇక తండ్రి సంగతి. కేంద్ర ప్రభుత్వోద్యోగికైతే 15 రోజుల సెలవుంది. ప్రైవేటు కొలువులో చట్టప్రకారం ఒక్కరోజూ లేదు. దాన్నీ చట్టంలో చేర్చాలి.

చందాకూ సెలవుకూ పార్లమెంటు కదలాలి. నిర్మాణ వ్యయంపై 1 శాతం సెస్సు మాత్రం రాష్ట్రాల సంక్షేమ బోర్డుల చేతిలోనే ఉంది. అందులోంచి సైట్ల దగ్గర క్రెష్‌లు తెరవడానికీ, తనిఖీకి కార్మిక శాఖ అధికారులను పంపడానికీ హైదరాబాద్, అమరావతి ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు.