మోటోజీపీ: వేగం పెరిగింది.. అభిమానం వెనుకబడింది

న్యూఢిల్లీ: 2022 మే 29న ఇటలీలోని ముగెల్లో ట్రాక్‌పై మోటార్‌సైకిల్ గ్రాండ్‌ప్రీ జరిగింది. ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో బన్యాయా, ఇటలీ సంస్థ డుకాటీ తయారుచేసిన బైకుపై, సొంత గడ్డపై విజేతగా నిలిచాడు. ఆతిథ్య దేశానికి ఇంతకు మించిన పండుగ ఉండదు. కానీ ఆ రోజు ముగెల్లో కొండవాలుల్లోని గ్యాలరీలు బోసిపోయి కనిపించాయి. 2019లో ఆదివారం రేసుకు 83 వేల మందికి పైగా వచ్చిన చోటికి ఆ ఏడాది వచ్చింది 43 వేల పైచిలుకు మాత్రమే.

అదే రోజు మొనాకోలో ఫార్ములా వన్ రేసు, ఇటలీలోనే ప్రఖ్యాత సైకిల్ పందెం జిరో ముగింపు ఉండటం, టికెట్ల ధరలు ఎక్కువగా ఉండటం వంటి కారణాలను నిర్వాహకులు, విశ్లేషకులు చెప్పుకొచ్చారు. వాటిలో వాస్తవం లేకపోలేదు. అయితే అందరికీ కనిపించిన కారణం మరొకటి. కరోనా తర్వాత ముగెల్లో గేట్లు ప్రేక్షకులకు తెరుచుకున్నది ఆ ఏడాదే. వాలెంటినో రోసీ రిటైరైన తర్వాత అక్కడ జరిగిన తొలి రేసు కూడా అదే. తొమ్మిది ప్రపంచ టైటిళ్లు గెలిచిన రోసీ 2021 నవంబరులో వాలెన్సియాలో చివరి రేసు ఆడి వీడ్కోలు పలికాడు. ఏటా ఆ కొండలను పసుపు రంగుతో నింపిన అభిమానుల్లో చాలామంది ఆయనతోపాటే ఇంటిదారి పట్టారు.

నిండిన గ్యాలరీలు చెప్పని నిజం

రేసింగ్‌కు ఆదరణ తగ్గిందన్న వాదనను నిర్వాహకులు అంగీకరించరు. అందుకు వారి వద్ద లెక్కలున్నాయి. 2025 మే నెలలో ఫ్రాన్స్‌లోని లె మాన్స్‌లో జరిగిన రేసుకు మూడు రోజుల్లో 3.11 లక్షల మంది హాజరయ్యారు. ఆ వేదిక చరిత్రలో అది రికార్డు. వర్షంలో సాగిన ఆ రేసును ఫ్రాన్స్ రైడర్ జొహాన్ జార్కో గెలవడం, 1954 తర్వాత సొంతగడ్డపై ఆ దేశస్థుడికి ప్రధాన విభాగంలో దక్కిన తొలి విజయం అదే కావడం ఆ వారాంతాన్ని మరింత చిరస్మరణీయం చేశాయి.

అయితే ఈ అంకెలను కాస్త జాగ్రత్తగా చదవాలి. ఇవి శుక్ర, శని, ఆదివారాల హాజరును కలిపి చెప్పే అంకెలు. మూడు రోజులూ వచ్చిన ఒకే వ్యక్తి మూడుసార్లు లెక్కలోకి వస్తాడు. 2023 నుంచి ప్రతి శనివారం సగం దూరపు స్ప్రింట్ రేసు నిర్వహిస్తున్నందున శనివారం జనం పెరగడం సహజం. అన్నింటికీ మించి, లె మాన్స్ విజయం అసలు ప్రశ్నకు జవాబు కాకపోగా, ఆ ప్రశ్ననే మరింత పదునుగా ముందుకు తెస్తోంది. 2021లో ఫాబియో క్వార్టరారో ప్రపంచ విజేత కావడం, జార్కో నిలకడగా పోటీలో ఉండటం వల్ల ఫ్రెంచి ప్రేక్షకుడికి ఆ రేసు తన సొంత వ్యవహారమైంది. ఆ బంధం తెగిన చోట ఇటలీ వంటి రేసింగ్ పుట్టిల్లు కూడా వెలితి పడింది. అసలు ఆ బంధమే ఏర్పడని చోట పరిస్థితి ఏమిటి?

2012 నుంచి 2025 వరకు 14 సీజన్లలో ప్రధాన విభాగం టైటిల్ 11 సార్లు స్పెయిన్‌కు, రెండుసార్లు ఇటలీకి, ఒకసారి ఫ్రాన్స్‌కు దక్కింది. అమెరికా చివరి విజేత 2006 నాటి నిక్కీ హేడెన్, ఆస్ట్రేలియా చివరి విజేత 2011 నాటి కేసీ స్టోనర్. ప్రపంచ ఛాంపియన్‌షిప్ అని పేరున్న పోటీ ఆచరణలో రెండు మూడు దేశాల కుటుంబ వ్యవహారంలా మారితే మిగిలిన ప్రపంచం దూరం నుంచి చూసి తల తిప్పుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇంటి తెరపై నుంచి మాయమైన రేసు

అభిమానం తరిగిపోవడానికి రెండో కారణం టెలివిజన్. రోసీని ఒక తరానికి పరిచయం చేసింది ఉచితంగా అందుబాటులో ఉన్న ఛానెళ్లే. ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళ టీవీ పెడితే రేసు కనిపించేది. 2014లో బ్రిటన్‌లో ప్రసారాలు బీబీసీ నుంచి చందా ఛానెల్‌కు మారాయి. అదే ఏడాది ఇటలీలో స్కై చేతికి వెళ్లాయి. స్పెయిన్‌లోనూ మొవిస్టార్, ఆ తర్వాత 2019 నుంచి డాజోన్ వంటి చందా వేదికలకు పరిమితమయ్యాయి.

నిర్వాహకులకు ఈ ఒప్పందాలు నిలకడైన ఆదాయాన్ని తెచ్చిపెట్టాయి. కానీ డబ్బు చెల్లించేవాడు అప్పటికే అభిమాని. కొత్త అభిమాని మాత్రం యాదృచ్ఛికంగా పుడతాడు. తండ్రి చూస్తుంటే పక్కన కూర్చున్న పిల్లవాడు, ఛానెల్ మారుస్తూ ఒక మలుపు దగ్గర ఆగిపోయిన వ్యక్తి చందా గోడకు అవతలే ఉండిపోయారు. పాతతరం వయసు మీరుతుండగా కొత్తతరం చేరకపోవడం ఏ క్రీడకైనా నిశ్శబ్దంగా సోకే వ్యాధి.

ఈ లోటును డాక్యుమెంటరీతో పూడ్చే ప్రయత్నమూ జరిగింది. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘డ్రైవ్ టు సర్వైవ్’ ఫార్ములా వన్‌కు కొత్త ప్రేక్షకులను తెచ్చిపెట్టింది. దాన్ని చూసి 2022లో అమెజాన్ వేదికగా ‘మోటోజీపీ అన్‌లిమిటెడ్’ సిరీస్ విడుదలైంది. అది ఒక్క సీజన్‌తోనే ఆగిపోయింది.

యంత్రం గెలిచింది, మనిషి కనుమరుగయ్యాడు

మూడో కారణం రేసులోనే ఉంది. 2023లో ముగెల్లోలో బ్రాడ్ బైండర్ బైకు గంటకు 366.1 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. ఇంతటి వేగం గతంలో లేదు. కానీ ప్రేక్షకుడు రేసుకు వచ్చేది వేగమాపకం చూడటానికి కాదు, ఒకరిని ఒకరు దాటే ఉత్కంఠ కోసం.

గత దశాబ్దంలో బైకులకు గాలిని చీల్చే రెక్కలు మొలిచాయి. పరుగులోనే బైకు వెనుక భాగాన్ని కిందికి దించే యంత్రాంగం వచ్చింది. వీటివల్ల మలుపుల్లో పట్టు, మలుపు నుంచి బయటపడే వేగం పెరిగాయి. అయితే ముందున్న బైకు వెనకాల గాలి చెదిరిపోయి, వేడెక్కి, వెంబడించే బైకు ముందు టైరుపై ప్రభావం చూపుతుంది. టైరు వేడెక్కి లోపలి ఒత్తిడి పెరుగుతుంది, బ్రేకు వేసేటప్పుడు పట్టు జారుతుంది. అందరూ దాదాపు ఒకేచోట, ఒకేలా బ్రేకు వేయగలగడంతో దాటే అవకాశం మరింత సన్నగిల్లింది. ఫలితంగా మొదటి రెండు మూడు ల్యాపుల్లో ఏర్పడిన వరుసే చివరిదాకా కొనసాగే రేసులు పెరిగాయి.

దీనికి తోడు ఫలితాలు ట్రాక్‌పై కాక కాగితంపై మారడం ప్రేక్షకుడిని విసిగిస్తోంది. 2025 ఏప్రిల్‌లో ఖతార్ రేసులో మావెరిక్ వినాలెస్ రెండో స్థానంలో గీత దాటాడు. ముందు టైరులో గాలి ఒత్తిడి నిర్దేశిత కనీస స్థాయికి తగ్గిందన్న కారణంతో 16 సెకన్లు జరిమానా విధించగా 14వ స్థానానికి పడిపోయాడు. టైరు భద్రత కోసం ఆ నిబంధన అవసరమని అధికారులు చెబుతారు. కానీ పోడియంపై చూసిన రైడర్ రాత్రికి పోడియంపై లేడని తెలిసిన అభిమాని మరుసటి రేసును ఏ నమ్మకంతో చూస్తాడు?

ఒకే సంస్థ ఆధిపత్యం కూడా ఇందులో భాగమే. 2024లో జరిగిన 20 గ్రాండ్‌ప్రీల్లో 19 డుకాటీ బైకులే గెలిచాయి. 2020లో టైటిల్ నెగ్గిన సుజుకీ రెండేళ్లకే, 2022 చివర్లో, పోటీ నుంచి తప్పుకుంది. 2025లో మార్క్ మార్క్వెజ్ గాయాల చీకటి నుంచి కోలుకుని టైటిల్ సాధించడం క్రీడాచరిత్రలో నిలిచే పునరాగమనం. అయితే అది ఐదు రౌండ్లు మిగిలి ఉండగానే తేలిపోయింది.

అతిగా వడ్డిస్తే రుచి ఉంటుందా?

రెండు దశాబ్దాల క్రితం, 2004లో, సీజన్ మొత్తానికి 16 రేసులు. 2025లో 22 రౌండ్లు, స్ప్రింట్‌లతో కలిపి 44 పోటీలు. స్ప్రింట్ విజయానికి పాయింట్లు ఉన్నాయి గానీ, అది అధికారికంగా గ్రాండ్‌ప్రీ విజయం కాదు. రైడర్ల శరీరాలపై భారం పెరిగింది. గాయాలతో ప్రముఖులు దూరమైన రేసులు ఎక్కువయ్యాయి. ప్రతి వారాంతం పండుగే అయితే పండుగకు ప్రత్యేకత మిగలదన్న సంగతి ఏ ఇంటి పెద్దనడిగినా చెబుతారు.

గ్రేటర్ నోయిడా నేర్పిన పాఠం

ఈ చర్చ భారత్‌కు దూరమైనది కాదు. ప్రపంచంలో అతిపెద్ద ద్విచక్ర వాహన విపణి మనదే. 2024-25 ఆర్థిక సంవత్సరంలో దేశీయంగా 1.96 కోట్ల ద్విచక్ర వాహనాలు అమ్ముడయ్యాయి. ఈ లెక్కన మోటార్‌సైకిల్ రేసింగ్‌కు ఇంతకంటే సారవంతమైన నేల మరొకటి ఉండరాదు. 2023 సెప్టెంబరు 22 నుంచి 24 వరకు గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో ‘మోటోజీపీ భారత్’ పేరిట తొలి రేసు జరిగింది. కొందరికి వీసాలు ఆలస్యమయ్యాయి. ఎండ తీవ్రతకు రేసును 21 ల్యాపులకు కుదించారు. రోసీ జట్టు రైడర్ మార్కో బెజెక్కీ విజేతగా నిలిచాడు.

ఆ తర్వాత అది మళ్లీ జరగలేదు. 2024 రేసును రద్దు చేసి 2025 మార్చిలో నిర్వహిస్తామన్నారు. 2025 క్యాలెండర్ వెలువడేసరికి భారత్ రిజర్వు వేదికగా మిగిలింది. 2026 జాబితాలో ఆ పేరూ లేదు. అదే ట్రాక్‌పై 2011 నుంచి 2013 వరకు మూడేళ్లు జరిగిన ఫార్ములా వన్ పన్నుల వివాదాల నడుమ ఆగిపోయిన సంగతి తెలిసిందే. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ తీరాన జరిగిన ఫార్ములా ఈ కూడా ఒక్క ఏడాదికే పరిమితమైంది. వచ్చిన ప్రతి పోటీ ఒక అభిమాన గణాన్ని మేల్కొలిపి, దాన్ని నడిరోడ్డుపై వదిలి వెళ్లింది.

నడిరోడ్డు అన్నది ఇక్కడ అలంకారం కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో దాదాపు 45 శాతం ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారే. ఆ మరణాలకు హెల్మెట్ లేకపోవడం, రోడ్ల తీరు వంటి కారణాలెన్నో ఉన్నాయి. వాటన్నిటినీ రేసింగ్ మోజుకు ముడిపెట్టలేం. కానీ వేగంపై ఆసక్తి ఉన్న యువకుడికి హద్దులు, శిక్షణ, రక్షణ దుస్తులు ఉన్న ట్రాక్ అందుబాటులో లేకపోతే అతడికి మిగిలేది అర్ధరాత్రి ఖాళీ రహదారే. జాతీయ స్థాయి పోటీలు ప్రధానంగా చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరులోని కారీ ట్రాక్‌ల చుట్టూనే తిరుగుతున్నాయి. తెలుగు రాష్ట్రాల నుంచి పోటీపడాలనుకునే కుర్రాడు బైకును లారీపై ఎక్కించుకుని అంత దూరం వెళ్లాలి.

మన చేతిలోనూ ఒక పగ్గం

భారతీయ సంస్థలకు ఈ రంగం కొత్త కాదు. మహీంద్రా 2017 వరకు మోటో3 విభాగంలో పోటీపడింది. 2016లో నెదర్లాండ్స్‌లోని అసెన్‌లో ఆ సంస్థకు తొలి విజయం అందించింది మరెవరో కాదు, తర్వాత రెండుసార్లు మోటోజీపీ టైటిల్ గెలిచిన బన్యాయానే. విజేతను మనం గుర్తించగలిగాం. ఆ కథను మన ప్రేక్షకుడికి చెప్పుకోలేకపోయాం.

ఇప్పుడు మరో అవకాశం తలుపు తట్టింది. ఆర్థిక సంక్షోభంలో చిక్కుకున్న ఆస్ట్రియా సంస్థ కేటీఎంను ఆదుకున్న బజాజ్ ఆటో 2025లో దాని నియంత్రణను చేతిలోకి తీసుకుంది. మోటోజీపీలో మిగిలిన ఐదు తయారీ సంస్థల్లో కేటీఎం ఒకటి. అంటే ప్రపంచ పోటీలో ఒక జట్టు భవిష్యత్తు ఇకపై పుణె నిర్ణయాలతో ముడిపడి ఉంటుంది. దాన్ని కేవలం ఖర్చు పద్దుగా చూస్తారా, భారతీయ రైడర్‌ను అంచెలంచెలుగా తీర్చిదిద్దే నిచ్చెనగా మలుస్తారా అన్నది గమనించాల్సిన విషయం.

2027 పరీక్ష

నిర్వాహకులు సమస్యను గుర్తించారనడానికి దాఖలాలున్నాయి. 2027 నుంచి ఇంజిన్ సామర్థ్యం 1000 సీసీ నుంచి 850 సీసీకి తగ్గుతుంది. బైకు ఎత్తును మార్చే యంత్రాంగాలపై నిషేధం అమల్లోకి వస్తుంది. రెక్కల పరిమాణం కుదించుకుపోతుంది. టైర్ల సరఫరా మిషెలాన్ నుంచి పిరెల్లీకి మారుతుంది. మలుపుల్లో మనిషి నైపుణ్యానికి తిరిగి చోటు కల్పించే దిశగా ఇవి సరైన అడుగులే.

మరోవైపు, ఫార్ములా వన్ యజమాని అయిన అమెరికా సంస్థ లిబర్టీ మీడియా 2025 జులైలో మోటోజీపీలో మెజారిటీ వాటాను సొంతం చేసుకుంది. ఫార్ములా వన్‌కు కొత్త ప్రేక్షకులను తెచ్చిన అనుభవం ఆ సంస్థకు ఉంది. అయితే హంగులు, ఖరీదైన టికెట్లు, ప్రముఖుల ఫొటోలతో నిండిన ఫార్ములా వన్ నమూనాను యథాతథంగా ఇక్కడికి తెస్తే అది మరో పొరపాటు అవుతుంది. ఫార్ములా వన్ కారును సామాన్యుడు ఎన్నటికీ నడపడు. మోటార్‌సైకిల్ అలా కాదు. పాలు పోసేవాడు, పార్సిల్ చేర్చేవాడు, కాలేజీకి వెళ్లే విద్యార్థి రోజూ దానిపైనే ఉంటారు. క్లచ్ ఎప్పుడు వదలాలో, తడి రోడ్డుపై బ్రేకు ఎలా నొక్కాలో వారికి తెలుసు. ట్రాక్‌పై రైడర్ చేసే అద్భుతం ఎంత కష్టమో చేతులతో అర్థం చేసుకోగల ప్రేక్షకులు వారు. ఇంతటి సహజ బంధం కార్ల రేసుకు లేదు.

కాబట్టి మోటార్‌సైకిల్‌పై ప్రేక్షకుడి మోజు తీరిందనుకోవడం పొరపాటు. అతడికి రేసును అందనివ్వలేదు, చూసినప్పుడు అర్థం కానివ్వలేదు, తనవాడంటూ ఒకరిని చూపించలేదు. 2027 నిబంధనలు ఈ మూడింటిలో ఒక్కదాన్నే సరిదిద్దగలవు. మిగిలిన రెండూ ఉచిత ప్రసారం, స్థానిక ట్రాక్‌లు, చిన్న వయసు నుంచే శిక్షణ వంటి ఖర్చుతో కూడిన, ఓపిక కోరే నిర్ణయాలు. వాటిని వాయిదా వేసినంతకాలం గ్యాలరీలు అప్పుడప్పుడు నిండవచ్చు గానీ, ఒక రైడర్ రిటైరైన మరుసటి ఏడాది ముగెల్లో కొండవాలులు మళ్లీ ఖాళీ కావని ఎవరూ హామీ ఇవ్వలేరు.